పన్నెండు లక్షలకు సంతకం పెట్టేముందు లెక్క చూసుకోండి

అమ్మా, మీరు రాసింది పూర్తిగా చదివాను. ఇతరులకూ అర్థం కావాలి కనుక ముందు క్లుప్తంగా చెబుతాను. పెళ్ళయి పన్నెండేళ్ళు. భర్త కువైట్‌లో డ్రైవరు, జీతం 250 దినార్లు. రెండేళ్ళుగా మీరు కడపలో పుట్టింట్లో ఉంటూ ప్రైవేటు బడిలో నెలకు 14 వేలకు పాఠాలు చెబుతున్నారు. పాపకు తొమ్మిదేళ్ళు నిండాయి, బాబుకు ఐదు. చిన్నచౌకు వైపు ఇద్దరి పేర్ల మీద కొన్న ఇంటికి బ్యాంకు అప్పు ఇంకా 9 లక్షలుంది. పెళ్ళినాటి 25 తులాల బంగారం ప్రొద్దుటూరు దగ్గర అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు వాళ్ళ తరఫు పెద్దమనుషులు వచ్చి, 12 లక్షలు ఇప్పిస్తాం, స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టు, ఇంతటితో అయిపోతుంది అంటున్నారు. అది చెల్లుతుందా, ఆ మొత్తం న్యాయమేనా, అప్పు ఏమవుతుంది, కోర్టుకెళ్తే ఎన్నేళ్ళు పడుతుంది అని అడిగారు.

కడప, కర్నూలు కోర్టుల్లో చాలాకాలంగా కుటుంబ కేసులే చూస్తున్న న్యాయవాదిగా చెబుతున్నాను. విడిపోవాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకున్నారు, దాని జోలికి నేను పోను. డబ్బు సంగతులన్నీ తేలకముందే సంతకం పడితే, తర్వాత మీ మాట వినేవాళ్ళు ఉండరు. ఈ సమాధానమంతా దాని గురించే.

ముందు స్టాంపు పేపర్ సంగతి. పెద్దమనుషులు రాయించే విడాకుల కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులిచ్చేది కోర్టు ఒక్కటే. 29వ సెక్షన్‌లో ఆచారం ప్రకారం జరిగే విడాకులకు మినహాయింపు ఉన్న మాట నిజం. అయితే మా కులంలో ఇది తరతరాల ఆచారం అని చెప్పినంత మాత్రాన సరిపోదు, సాక్ష్యాలతో రుజువు చేయాలి. ఆ రుజువు ఎంత కష్టమో అలాంటి కేసులు నడిపినవాళ్ళకు తెలుసు. ఆ కాగితాన్ని నమ్మి ఎవరైనా రెండో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం.

ఆ కాగితంలో ఇంకో మెలిక ఉంటుంది. మా ఇష్టప్రకారమే విడిగా ఉంటున్నాం అన్న వాక్యం అందులో తప్పకుండా రాస్తారు. మెజిస్ట్రేటు ఇప్పించే మనోవర్తికి, అంటే నెలనెలా ఇచ్చే పోషణ ఖర్చుకు, సంబంధించిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, అంటే 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే భార్యకు మనోవర్తి రాదని చెబుతుంది. విడాకులూ రాక, మనోవర్తి అడిగే దారీ మూసుకుపోయి, రెంటికీ చెడ్డట్టు అవుతుంది. పిల్లలకు తండ్రి ఆస్తిలో ఎలాంటి హక్కూ లేదు అన్న మాట కూడా కొన్ని కాగితాల్లో చూశాను. పిల్లల హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. విడాకులైనా వాళ్ళు తండ్రికి వారసులే, పిత్రార్జితంలో కొడుకుతో పాటు కూతురికీ వాటా ఉంటుంది. అయినా ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, రేపు దాన్ని చూపించి బెదిరించేవాళ్ళు ఉంటారు.

ఇక పన్నెండు లక్షలు. దీనికి ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చోండి.

పిల్లలిద్దరికీ తిండి, బట్టలు, బడి, వైద్యం కలిపి తలకు నెలకు 6 వేలు అనుకుందాం. కడపలో ఓ మోస్తరు ప్రైవేటు బడి ఫీజు తెలిసినవాళ్ళెవరూ దీన్ని ఎక్కువ అనరు. పాపకు పద్దెనిమిదేళ్ళు రావడానికి తొమ్మిదేళ్ళు, అంటే 6,48,000. బాబుకు పదమూడేళ్ళు, అంటే 9,36,000. మొత్తం 15,84,000. ఇందులో ధరల పెరుగుదల లేదు, ఇంటర్ కాలేజీ ఫీజు లేదు, మీకంటూ ఒక్క రూపాయి లేదు. పిల్లల భారం ఇద్దరిదీ కదా అని వాళ్ళు అంటారు. అది న్యాయమైన మాటే. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు భరించాలి. కానీ 14 వేల శక్తి, 250 దినార్ల శక్తి ఒకటి కావు. 250 దినార్లంటే 70 వేల రూపాయల దరిదాపు. పోనీ ఆ 12 లక్షలు అలాగే బ్యాంకులో వేసుకున్నా 7 శాతం వడ్డీకి నెలకు వచ్చేది 7 వేలు.

ఇప్పుడు బంగారం చూడండి. 25 తులాలంటే 250 గ్రాములు. ఈనాటి ధరకు లెక్కగడితే దాని విలువే వాళ్ళు ఇస్తామంటున్న 12 లక్షల కన్నా ఎక్కువ. అంటే మీ బంగారం వాళ్ళ బీరువాలోనే ఉంచుకుని, దాని విలువలో కొంత మీకు భరణం పేరుతో ఇస్తున్నారన్న మాట. ఈ ముక్క పెద్దమనుషుల ముందు నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెప్పండి. చాలాసార్లు బేరం మలుపు తిరిగేది ఇక్కడే.

పెళ్ళిలో మీకు పెట్టిన నగలు, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చినవి, మీకు వచ్చిన కానుకలు అన్నీ స్త్రీధనం. అది పూర్తిగా మీ సొంతం. భరణంతో దానికి సంబంధం లేదు, దాన్ని విడిగా వెనక్కి ఇవ్వాలి. ఇవ్వకపోతే 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు ఇప్పించవచ్చు. కట్నం కింద ఇచ్చిన నగదు సంగతి మీరు రాయలేదు, ఇచ్చే ఉంటారనుకుంటున్నాను. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే అయినా, తీసుకున్న కట్నం చివరికి వధువుకే చెందాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది.

రుజువులకు ఇప్పుడే వెతుకులాట మొదలుపెట్టండి. ప్రొద్దుటూరులో కొన్న నగలైతే దుకాణం బిల్లులు మీ నాన్నగారి పాత సంచుల్లో ఎక్కడో ఉంటాయి. బిల్లు లేకపోతే పెళ్ళి ఆల్బమ్, వీడియో. ఫోటోలో మెడలో ఉన్న హారం, చేతికున్న గాజులు గుర్తుపట్టి, ఏ నగ ఎన్ని తులాలో, ఎవరు పెట్టారో వరుసగా రాసి, ఫోటో నంబరు పక్కన వేయండి. అత్తగారు ఆ నగలు ఏ బ్యాంకులోనైనా తాకట్టు పెట్టారేమో కూడా విచారించండి. మన వైపు వేరుశనగ పంట పోయిన ఏడాది ఇంటి ఆడవాళ్ళ బంగారం బ్యాంకు లాకరులోకి వెళ్ళడం మామూలే. అలా అయితే విడిపించే బాధ్యత ఎవరిదో, ఏ తేదీలోగానో రాజీ పత్రంలో రాయాలి.

మన చట్టంలో విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు అన్న నిబంధన లేదు. టీవీలో, వాట్సాప్‌లో ఏం చెప్పినా నమ్మకండి. ఎవరి పేరు మీద ఉన్నది వాళ్ళదే. ఆయన పంపిన డబ్బుతో అత్తగారి పేరు మీద పొలం కొన్నారని రాశారు. ఆ పొలంలో మీకు వాటా రాదు, కానీ ఆయన స్తోమత చూపించడానికి పనికొస్తుంది. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో పొలం ఎవరి పేరున ఉందో చూపే 1బీ, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీసుకుని దగ్గర పెట్టుకోండి. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మనోవర్తి కేసులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. మీ 14 వేల జీతం మీరూ దాచకూడదు. దాచి దొరికిపోతే మీ మిగతా మాటలకూ విలువ పోతుంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కగట్టాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి బేరాలు సాగుతున్నాయి కదా అని కేసు వేయడం ఆలస్యం చేస్తే ఆ నెలలన్నీ మీకు నష్టమే.

భర్త చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబు అని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. ఆ లెక్కన మీ విషయంలో నెలకు 17,500. దీన్ని సూత్రంలా పట్టుకోకండి. మీ సంపాదన, ఆయన తల్లిదండ్రుల పోషణ, అప్పులు అన్నీ చూసి జడ్జి నిర్ణయిస్తారు. బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఒక అంకె ఉండటానికి మాత్రం ఇది పనికొస్తుంది.

నెలనెలా తీసుకోవాలా, ఒకేసారి తీసుకోవాలా? భర్త కడపలోనే ప్రభుత్వోద్యోగి అయితే నెలనెలా తీసుకోమనేదాన్ని, జీతం నుంచి రాబట్టుకోవచ్చు. కువైట్‌లో ఉన్న మనిషి నాలుగు నెలలు పంపి ఐదో నెల ఫోను ఎత్తకపోతే మీరేం చేస్తారు? మెజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే వారెంటు తెప్పించవచ్చు, కట్టని ప్రతి నెలకూ నెల వరకు జైలు కూడా ఉంది. కానీ మనిషి విమానం దిగితేనే కదా అవన్నీ. పైగా బకాయి పడిన ఏడాదిలోగా కోర్టును అడగకపోతే 144వ సెక్షన్ కింద దాన్ని వసూలు చేసే దారి పోతుంది. ఈ గడువు తెలియక రెండేళ్ళ బకాయి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే మీ విషయంలో ఒకేసారి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. పిల్లల భాగాన్ని వాళ్ళ పేర్ల మీద ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయించండి. మొత్తమంతా మీ పేరున తీసుకుంటే చుట్టాల అవసరాలు చుట్టుముడతాయి, అనుభవంతో చెబుతున్నాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. పాపకు పదేళ్ళు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. నిండాక తెరవనివ్వరు. ఏడాదికి గరిష్ఠంగా లక్షన్నర వరకు కట్టవచ్చు. వచ్చే డబ్బులో కొంత ఇందులోకి మళ్ళిస్తే చదువుకో పెళ్ళికో ఆమె పేరు మీదే భద్రంగా ఉంటుంది. కేసు ఎప్పుడు తేలినా సరే, 250 రూపాయలతోనైనా ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి.

ఇంటి అప్పు గురించి చాలామంది పొరబడతారు. ఇల్లు ఆయనకే వదిలేశాను, ఇక వాయిదాలు ఆయనే కట్టుకుంటాడని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన బ్యాంకుకు పట్టదు. అప్పు పత్రం మీద మీ సంతకం ఉన్నంతకాలం మీరూ బాకీదారే. ఆయన వాయిదా ఎగ్గొడితే నోటీసు మీకూ వస్తుంది, సిబిల్ స్కోరు మీదీ పడిపోతుంది. చివరికి కోర్టు డిక్రీలో రాసినా అది మీ ఇద్దరి మధ్య ఒప్పందమే తప్ప బ్యాంకును కట్టిపడేయదు. చేయాల్సింది ఏమిటంటే, ఇల్లు ఎవరికి వెళ్తుందో తేల్చుకుని, ముందుగా బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్ళి అప్పును ఒకరి పేరుకు మార్చడానికి వాళ్ళ షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. మీ 14 వేల జీతం మీద 9 లక్షల అప్పు మార్చడానికి బ్యాంకు సుముఖంగా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఆయనే అప్పు తీర్చి ఇల్లు మీకు రాసివ్వడం, లేదా అమ్మి అప్పు పోగా మిగిలింది పంచుకోవడం అన్న రెండు దారులే. మీ వాటా వదులుకోవాల్సి వస్తే రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయడం, అప్పు నుంచి మీ పేరు తీసినట్టు బ్యాంకు ఉత్తరం ఇవ్వడం ఒకేరోజు జరగాలి. ఆ ఉత్తరం చేతికి రాకముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కకండి. ఇంటిని ఒకరి పేరుకు మార్చుకోవడం విడాకుల తుది డిక్రీకి ముందే, మీరింకా భార్యాభర్తలుగా ఉన్నప్పుడే పూర్తి చేసుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చులోనూ పన్నులోనూ చిక్కులు తక్కువ.

పన్ను గురించి పెద్దగా బెంగ వద్దు. ఒకేసారి వచ్చే భరణాన్ని ఆదాయంగా చూడకూడదని కోర్టులు చెప్పాయి. దాని మీద వచ్చే వడ్డీకి మాత్రం లెక్క చూపాలి. నగదు తీసుకోవద్దు. 2 లక్షలు, అంతకు పైబడి నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

కోర్టులో ఎన్నేళ్ళు అన్నారు. ఇద్దరూ ఒప్పుకుంటే ఏళ్ళు పట్టదు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద, కనీసం ఏడాది విడిగా ఉన్న దంపతులు కలిసి పిటిషన్ వేయవచ్చు. ఇద్దరూ కోర్టు ముందు సమ్మతి చెప్పడాన్ని మోషన్ అంటారు. మొదటి మోషన్ తర్వాత ఆరు నెలలు ఆగి రెండో మోషన్. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడిగా ఉండి ఏడాదిన్నర దాటి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే మినహాయింపు అడగవచ్చు. రెండేళ్ళుగా విడిగా ఉన్నారు కాబట్టి మీరు అడగవచ్చు. అదే తీర్పులో వీడియో కాన్ఫరెన్సుకు, రాలేని పక్షంలో తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రాతినిధ్యం వహించడానికి కూడా వీలు కల్పించారు. ఆయన కువైట్ నుంచి ప్రతి వాయిదాకూ రానక్కరలేదు. ఆయన తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. ఆ మూడు నెలలు దాటించి కూర్చునేవాళ్ళు ఎక్కువ.

భార్య నివసిస్తున్న చోటే కేసు వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది. కాబట్టి కడప కుటుంబ న్యాయస్థానంలోనే వేయవచ్చు, పెళ్ళి ప్రొద్దుటూరులో జరిగిందని అక్కడికి తిరగనక్కరలేదు. అక్కడ విడాకుల కేసును ఎఫ్‌సీఓపీ అని, మనోవర్తి కేసును ఎంసీ అని, మెజిస్ట్రేటు ముందు వేసే గృహహింస కేసును డీవీసీ అని అంటారు. గుమాస్తా ఆ అక్షరాలు చెప్పినప్పుడు కంగారు పడకండి. కౌన్సెలింగుకు పిలుస్తారు, వెళ్ళండి. కలిసి ఉండమని నచ్చజెప్పడానికే అనుకుంటారు గానీ, భరణం అంకె దగ్గరపడేది చాలాసార్లు అక్కడే.

ఆయన ఒప్పుకోకుండా సాగదీస్తే క్రూరత్వం, రెండేళ్ళు వదిలేసి పోవడం వంటి కారణాలు రుజువు చేసి గెలవాలి, అది ఏళ్ళ పనే. అప్పుడైనా హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర మనోవర్తి, కేసు ఖర్చులు అడగవచ్చు. ఈలోగా క్రిమినల్ కేసు పెట్టు, దిగివస్తారు అని సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు. నిజంగా కొట్టారు, వేధించారు అంటే తప్పకుండా పెట్టండి. బేరం కోసం మాత్రం వద్దు. పెట్టిన కేసు విడాకులతో దానంతటదే పోదు, దాన్ని ముగించడానికి విడిగా తిరగాలి.

ఇది చదివే ముస్లిం సోదరీమణులకు ఒక ముక్క. కర్నూలు, కడపల్లో ఈ ప్రశ్న చాలా వస్తుంది. నికాలో వరుడు మీకు ఇస్తానని ఒప్పుకున్న మెహర్ మీ హక్కు. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం 2019 చట్టంతో చెల్లదు, నేరం కూడా. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా పాత 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

వకీలు ఫీజు గురించి మొహమాటపడి అడగలేదేమో. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతుంది. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ప్రైవేటుగా పెట్టుకుంటే ఫీజు ముందే మాట్లాడుకోండి. వచ్చిన భరణంలో ఇంత శాతం ఇమ్మని అడిగే వకీలు దగ్గర నుంచి లేచి వచ్చేయండి, అలా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. మా వృత్తివాళ్ళకు ఈ మాట నచ్చదు, అయినా రాస్తున్నాను.

చివరిగా రాజీ పత్రం. అందులో ఉండాల్సినవి: పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, తండ్రి సెలవుల్లో వచ్చినప్పుడు ఎక్కడ, ఎంతసేపు చూస్తారు, పిల్లల డిపాజిట్లు ఏ బ్యాంకులో ఎంత, మీ భరణం ఎంత, నగల జాబితా, ఇంటి అప్పు సంగతి. ప్రతి అంకె పక్కన తేదీ ఉండాలి. వీలును బట్టి, త్వరలో వంటి మాటలు కనిపిస్తే కొట్టేయించండి. నెలనెలా కాక ఒకేసారి అన్న ఆ డబ్బును కూడా కోర్టులో రెండు విడతలుగా తీసుకోవడం మంచిది. నగలు, సగం మొత్తం మొదటి మోషన్ రోజు, మిగతా సగం రెండో మోషన్ రోజు జడ్జి ముందు. రెండో మోషన్ అయ్యేలోగా ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. అందుకే వాళ్ళు మొత్తం ముందే ఇవ్వరు, మీరూ చివరి సంతకం ముందే పెట్టకూడదు. రెండో విడత డీడీ రూపంలో తెమ్మనండి, తెచ్చాక దాని మీది పేరు మీ బ్యాంకు ఖాతాలోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో చూసుకోండి. ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు, ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు ఉంటే ఆ తేడాకే బ్యాంకు డీడీని తిప్పి పంపుతుంది. ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి అది సరిచేయించుకోండి.